కరువు ఏ పీరియడులో పాఠం?

విద్యాసంవత్సరం సగానికి వచ్చేసరికి మన పాఠశాలలలోను, కళాశాలలలోను వ్యాసరచనల ఋతువు ప్రారంభమవుతుంది. ప్రాజెక్టు పని అని నేడు దానికి పేరు మారినా స్వరూపం పాతదే. తెలుగు మాస్టారు ఒక కవి మీదనో, ఒక కావ్యం మీదనో వ్రాసుకు రమ్మంటారు. చరిత్ర చెప్పేవారు ఒక రాజవంశాన్ని ఇస్తారు. అర్థశాస్త్రం వారు దారిద్ర్యానికి కారణాలు, నివారణోపాయాలు అంటారు. విజ్ఞానశాస్త్రం వారు పోషకాహారం, అంటువ్యాధులు అంటారు. విద్యార్థి నాలుగు నోటు పుస్తకాలకు నాలుగు అట్టలు వేసి నాలుగు వ్యాసాలు నింపుతాడు. ఒకప్పుడు గైడు నుంచి ఎత్తి వ్రాసేవాడు, ఇప్పుడు చేతిలోని ఫోను నుంచి ఎత్తి వ్రాస్తున్నాడు. నాలుగింటికీ మంచి మార్కులే వస్తున్నవి. ఆ నాలుగింటికీ మధ్య ఏమైనా సంబంధం ఉన్నదా అని అతనిని అడిగేవారు లేరు.

శాస్త్రాల విభజన మనం సౌకర్యం కోసం చేసుకున్నది. దానిని తప్పు పట్టనవసరం లేదు. ఒక్కొక్క శాస్త్రానికి తన పద్ధతి, తన పరిభాష, తన నియమం ఉన్నవి. వాటిని వేరు వేరుగా నేర్వనిదే ఏ ఒక్కటీ పట్టుబడదు. కాని లోకంలో జరిగే సంగతులకు టైంటేబిలు తెలియదు. మనుష్యుల బ్రతుకులను తారుమారు చేసే ఏ పెద్ద విషయమూ ఒక పీరియడులో ఇమడదు. అట్టి విషయాన్ని ముక్కలు చేసి, ముక్కలను మళ్ళీ అతకకుండా వదిలివేసినప్పుడు విద్యార్థికి సగం జ్ఞానం మిగులుతుందని మనం సమాధానపడుతున్నాము. నిజానికి అతనికి మిగిలేది తరచుగా తప్పుడు జ్ఞానం. ఈ మాటకు మన నేల మీద జరిగిన సంగతులలో నుంచే ఒక ఉదాహరణ తీసుకుందాము. అది కరువు.

తెలుగు పాఠంతోనే మొదలుపెట్టవచ్చు. కరువు, క్షామం, దుర్భిక్షం, అనావృష్టి అని పిల్లల చేత పర్యాయపదాలు వల్లె వేయిస్తున్నాము. పర్యాయపదాలని చెప్పి ఊరుకోవడం వలన వాటిలోని భేదం మరుగున పడిపోతున్నది. అనావృష్టి అంటే వాన లేకపోవడం; అది ఆకాశాన్ని గురించిన మాట. దుర్భిక్షం అంటే భిక్ష దొరకడం దుర్లభమైన స్థితి. వాన సంగతి అందులో లేదు. ఇచ్చే చేయి ముడుచుకుపోయినదని, అడిగేవానికి గడప దొరకడం లేదని ఆ మాట చెబుతున్నది. అది మనుష్యుల మధ్య ఇచ్చిపుచ్చుకోళ్ళను గురించిన మాట. ఇక క్షామ శబ్దానికి చిక్కిపోయిన, శుష్కించిన అని అర్థం. కావ్యాలలో నాయిక నడుము సన్నదనాన్ని మెచ్చుకోవడానికి వాడిన ఆ మాటే ప్రజల పాలిట ఆపదకు పేరైనది. అది దేహాన్ని గురించిన మాట.

ఒకే విపత్తును ఆకాశం వైపు నుంచి ఒకసారి, అంగడి వైపు నుంచి ఒకసారి, దేహం వైపు నుంచి ఒకసారి చూసి పెట్టిన పేర్లివి. మొదటిది భూగోళానికి, రెండవది అర్థశాస్త్రానికి, మూడవది ఆరోగ్యశాస్త్రానికి చెందుతున్నవి. మూడూ ఒకటే అనుకున్న విద్యార్థి, వాన కురవకపోతే జనం చనిపోవడం సహజమని నిశ్చయించుకుంటాడు. మధ్య నున్న రెండు మెట్లు అతనికి కనబడవు. మనం నివారించవలసిన తప్పుడు జ్ఞానం ఇదే.

ఇప్పుడు చరిత్రలోకి వద్దాము. 1832-33లో గుంటూరు సీమలో వచ్చిన కరువును జనం నందన కరువు అన్నారు, డొక్కల కరువు అన్నారు, పెద్ద కరువు అన్నారు. నందన అనేది తెలుగు సంవత్సరం పేరు. ఈ పేరు పట్టుకొని ఏడవ తరగతి విద్యార్థి కూడా తేదీని సరిచూడగలడు. 2012-13 నందన నామ సంవత్సరం. అరవై ఏళ్ళ చొప్పున వెనుకకు పోతే 1952, 1892, 1832 వస్తవి. అదే విధంగా 1996-97 ధాత, 1997-98 ఈశ్వర. నూట ఇరవై ఏళ్ళు తీసివేస్తే 1876-77, 1877-78. రాయలసీమ పెద్దలు ధాత ఈశ్వర కరువు అని చెప్పుకున్నది ఆ రెండేళ్ళ ఘోరాన్నే. గ్రంథాలు లేని ఇళ్ళలో చరిత్ర ఇట్లా సంవత్సరాల పేర్లలో నిలిచి ఉన్నది. మన విద్యార్థి తన ముత్తవ్వ నోట విన్న ఆ పేరును పాఠంగా ఎన్నడూ గుర్తించలేదు. పాఠ్యపుస్తకంలో అచ్చు కాలేదు గనుక అది చరిత్ర కాదని అతని నమ్మకం.

నందన కరువు నాటికి గుంటూరు జిల్లా జనాభా సుమారు 5 లక్షలు. అందులో లక్షన్నరకు తక్కువ కాకుండా చనిపోయినట్లు అంచనా. ప్రతి పదిమందిలో ముగ్గురు. కృష్ణానది ఆ జిల్లా అంచునే పారుతున్నది. విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తయినది 1855లో. ధవళేశ్వరం వద్ద గోదావరికి ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని ప్రారంభించినది 1847లో, ముగిసినది 1852లో. ఈ తేదీలను విద్యార్థులు పరీక్ష కోసం కంఠస్థం చేస్తున్నారు. నందన కరువు తేదీని వాటి పక్కన పెట్టి చూడమని ఎవరైనా చెబితే, ఆ రాతికట్టడాల వెనుక ఎంత ప్రాణనష్టం ఉన్నదో వారికే బోధపడుతుంది. కరువు ముందు, కట్ట తరువాత. మధ్యనున్న ఇరవై ఏళ్ళ ఆలస్యానికి ఎవరు బాధ్యులనే ప్రశ్న అక్కడ పుడుతుంది. చరిత్ర పాఠానికి అట్టి ప్రశ్నే ప్రాణం.

ఆ కరువులో తెలుగు భాషకు సంబంధించిన ఒక సంగతి కూడా ఉన్నది. చార్లెస్ ఫిలిప్ బ్రౌను నిఘంటుకర్త అని, వేమన పద్యాలను సేకరించి అచ్చు వేయించినవాడని మన పిల్లలకు తెలుసు. నిఘంటువు వెలువడిన 1852వ సంవత్సరాన్ని చెప్పి ఆయన పాఠం ముగిస్తున్నాము. ఆ బ్రౌను నందన కరువు నాడు గుంటూరులో కంపెనీ ఉద్యోగి. ఆ విపత్తును ధాన్యపు కొరత అని వ్యవహరించడమే పై అధికారులకు ఇష్టం. బ్రౌను వారి ఇష్టానికి విరుద్ధంగా దానిని కరువు అనే అర్థమిచ్చే ఫామిన్ అనే మాటతోనే పేర్కొన్నాడు.

ఇది చిన్న విషయంగా కనబడవచ్చు. కాని కొరత అంటే అంగడిలో సరుకు తగ్గినదని అర్థం. దానిని వర్తకులు సరిచేసుకుంటారు. కరువు అంటే మనుష్యులు చచ్చిపోతున్నారని అర్థం. దానికి ప్రభుత్వం సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. మాట మారితే బాధ్యత మారుతుంది. శబ్దార్థాల మీద జీవితమంతా శ్రమించినవానికి ఆ తేడా తెలియకుండా ఎట్లా ఉంటుంది? భాషాసేవ అంటే ప్రాచీన గ్రంథాలను ఉద్ధరించడం మాత్రమే అనుకునే మన విద్యార్థులకు ఈ సంగతి తప్పక చెప్పాలి. చూచినదానికి దాని పేరు పెట్టడం కూడా భాషాసేవే. అందుకు ఒక్కొక్కప్పుడు ధైర్యం కావాలి.

నందన కరువు నాడు రైళ్ళు లేవు, సరైన బాటలు లేవు, కనుకనే అంతమంది చనిపోయారని చెప్పేవారున్నారు. ఆ వాదంలో కొంత నిజం ఉన్నది. అది ఎంతవరకు నిజమో ధాత ఈశ్వర కరువు చెబుతుంది. మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరు దాకా రైలు మార్గం 1871 నాటికే పడినది. అయినా 1876-78లో బళ్ళారి, కడప, కర్నూలు జిల్లాలే మిక్కిలి దెబ్బ తిన్నవి. ఆ రెండేళ్ళలో దక్షిణ, పశ్చిమ భారతాలలో ప్రధానంగా సాగిన ఆ క్షామంలో మృతులు 50 లక్షలకు పైబడినట్లు అంచనాలున్నవి. అదే కాలంలో ఈ దేశం నుంచి గోధుమ విదేశాలకు ఎగుమతి అవుతూనే ఉన్నది. రైలు పట్టాలు ధాన్యాన్ని ఆకలి ఉన్న చోటికి గాక ధర ఉన్న చోటికి మోసుకుపోతవి. ధర ఇవ్వలేనివాని ఊరి మీదుగా ధాన్యపు బండి వెళ్ళిపోవడం అర్థశాస్త్రానికి వింత కాదు.

ఇక్కడ అర్థశాస్త్ర బోధకుల అవసరం ఏర్పడుతున్నది. వారు తరగతిలో ఒక నేతగాని ఉదాహరణ చెప్పవచ్చు. మగ్గానికి వాన అక్కరలేదు. అయినా కరువు వచ్చిన ప్రతిసారీ మొదట కూలిపోయే ఇళ్ళలో సాలెల ఇల్లు ఒకటి. రైతుకు పంట పోతే అతడు మొదట మానుకునేది కొత్త బట్ట. బట్ట అమ్ముడుపోకపోతే నేతగానికి డబ్బు లేదు. అదే సమయంలో గింజల ధర రెండింతలు, మూడింతలు అవుతుంది. అంగడిలో గింజలు ఉన్నవి; అతని చేతిలో వాటిని కొనే శక్తి లేదు. కుమ్మరి, చాకలి, వ్యవసాయ కూలీ అందరి గతీ అదే. వాన కురవనిది పొలంలో. ఆకలి పుట్టినది మగ్గం గుంటలో. ఈ రెండింటినీ కలిపే గొలుసు పేరు కొనుగోలు శక్తి. పరీక్షలో రెండు మార్కుల నిర్వచనంగా వ్రాసే ఈ మాట వెనుక ఇంత సంగతి ఉన్నదని విద్యార్థికి తెలిసినప్పుడు ఆ నిర్వచనాన్ని అతడు మరచిపోడు.

ఇది కొత్తగా కనుగొన్న విషయమేమీ కాదు. 1880లో నివేదిక ఇచ్చిన క్షామ విచారణ సంఘమే, కరువులో మొదట పోయేది కూలిపని అని, పని పోవడం వలననే నిరుపేదలు ఆకలి పాలవుతున్నారని గ్రహించినది. ఆ గ్రహింపు నుంచే 1883 నాటి క్షామ నిబంధనలు పుట్టినవి. తరువాత వంద ఏళ్ళకు అమర్త్య సేన్ దీనిని శాస్త్రరీత్యా నిరూపించారు. ఆయన తొమ్మిదేళ్ళ బాలుడుగా 1943 నాటి బెంగాలు కరువును చూశారు. సుమారు 30 లక్షల మందిని బలి తీసుకొన్న ఆ కరువు నాడు బెంగాలులోని ఆహార ధాన్యం అంతకు ముందటి సంవత్సరాల కంటె అంత ఘోరంగా తగ్గిపోలేదని, యుద్ధకాలపు ధరలతో పోటీపడలేని కూలీలు, బెస్తలు వంటి వారే ఎక్కువగా చనిపోయారని 1981లో వెలువడిన తన పావర్టీ అండ్ ఫామిన్స్ గ్రంథంలో లెక్కలు వేసి చూపారు. 1998లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చినది. పత్రికలు స్వేచ్ఛగా వ్రాసే చోట, ప్రభుత్వం ప్రజలకు జవాబు చెప్పుకోవలసిన చోట పెద్ద కరువులు రావని కూడా ఆయన సిద్ధాంతీకరించారు. గుంటూరులో బ్రౌను పట్టుబట్టిన మాటకు ఈ సిద్ధాంతానికి ఉన్న చుట్టరికాన్ని తెలుగు, అర్థశాస్త్రం చెప్పేవారిద్దరూ కలిసి చెప్పవచ్చు.

ఇక ఆరోగ్యం సంగతి. ధాత ఈశ్వర కరువు నాటి ఒక వివాదం ప్రతి పాఠశాలలోను లెక్కల పాఠంగా చెప్పదగినది. 1873-74లో బీహారులో కరువు వచ్చినప్పుడు సర్ రిచర్డ్ టెంపుల్ బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని కాపాడాడు. మరణాలు చాలా తక్కువ. అందుకు ఆయనకు దక్కినది డబ్బు దుబారా చేశాడనే నింద. అదే టెంపుల్ 1877 జనవరిలో మద్రాసు రాజధానికి క్షామ ప్రతినిధిగా వచ్చాడు. ఈసారి పొదుపరి అనిపించుకోదలచాడు. కరువు పనులలో మట్టి మోసే పురుషునికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలునని కూలి తగ్గించాడు. మద్రాసు రాజధాని ఆరోగ్యశాఖ కమిషనరు డాక్టరు కార్నిష్ దానికి అభ్యంతరం చెప్పాడు. రోజంతా బరువు పని చేసే మనిషికి ఆ తిండి చాలదని, పౌనున్నర ధాన్యంతో పాటు పప్పు, కూరగాయలు కూడా అవసరమని వాదించాడు. విమర్శ పెరిగిన మీదట 1877లోనే గింజలు కొంత పెంచి, కొద్దిగా పప్పు చేర్చారు. అప్పటికి చాలామందికి ఆలస్యమైపోయినది.

ఎవరిది న్యాయమో తొమ్మిదవ తరగతి విద్యార్థి స్వయంగా తేల్చగలడు. ఒక పౌను సుమారు 450 గ్రాములు. వంద గ్రాముల బియ్యం ఇచ్చే శక్తి దాదాపు 350 కిలోకాలరీలు. గుణిస్తే 1,575. బరువు పని చేసే వయోజన పురుషునికి నేటి పోషకాహార శాస్త్రం చెప్పే అవసరం రోజుకు సుమారు 3,500. నాటి కూలీల దేహాలు చిన్నవని ఎంత తగ్గించినా, మండే ధరలలో అణాతో కొనగలిగినదానిని ఎంత కలిపినా ఆ అంతరం పూడదు. చాలని మేరకు దేహం తన కొవ్వును, తరువాత తన కండను తానే తినివేస్తుంది. క్షామ శబ్దార్థం అప్పుడు కంటికి కనిపిస్తుంది. గుణకారం ఒకటి చేసేసరికి చరిత్ర పుస్తకంలోని పాలకుని ఉత్తర్వు విద్యార్థి ముందు నేరుగా విచారణకు నిలబడుతుంది.

చిక్కిన దేహానికి రోగాన్ని ఎదిరించే శక్తి ఉండదు. కలరా, మశూచి, విరేచనాలు శిబిరాలలో వ్యాపిస్తవి. చిత్రమేమంటే వాన కురిసిన తరువాత కూడా చావులు ఆగవు. నీరు నిలిచి, దోమలు పెరిగి, విషజ్వరాలు ప్రబలుతవి. 1877-78లో జరిగినది అదే. చినుకు కోసం ఎదురుచూచి బ్రతికినవారిని ఆ చినుకు తరువాత వచ్చిన మలేరియా తీసుకొనిపోయినది. అందుచేత కరువు నాటి మరణాల పట్టీలలో జ్వరం, కలరా, మశూచి అనే పేర్లే విరివిగా కనిపిస్తవి. ఆకలి అనే పేరు అరుదు. వైద్యశాస్త్రం మాత్రమే చదివినవాడు ఆ పట్టీని చూసి అంటువ్యాధి వలన పోయారంటాడు. అతడు చెప్పినది అబద్ధం కాదు. కాని ఆ మాటతో ఆగిపోతే, ధాన్యపు కొరత అన్న అధికారి మాటకు, దీనికి తేడా ఏమున్నది?

ఆకలి, రోగం ఒకదానినొకటి పెంచుకుంటవనే ఎరుక మీదనే పోషకాహార పరిశోధన బలపడినది. 1918లో కూనూరులో ఒక చిన్న బెరిబెరి విచారణ శాఖగా రాబర్ట్ మెకారిసన్ నెలకొల్పిన సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా దానికి పేరు. హైదరాబాదు విద్యార్థులు చార్మినారును, గోలకొండను చూడబోతారు. విజ్ఞానశాస్త్రం చెప్పేవారు ఈ సంస్థను కూడా ఆ యాత్రలో చేర్చవచ్చు.

ఇక మిగిలినది సాహిత్యం. లెక్కలన్నీ తేలిన తరువాత దానికేమి పని అని అడిగేవారుంటారు. లెక్క 5 లక్షలలో లక్షన్నర అని చెబుతుంది. ఒక ఇంటిలో చివరి పిడికెడు గింజలు ఎవరి విస్తరిలో పడినవో, ఆ నిర్ణయం ఎవరు చేశారో, చేసిన తరువాత ఎట్లా బ్రతికారో లెక్క చెప్పదు. 1950 దశకంలో విద్వాన్ విశ్వం రచించిన పెన్నేటి పాట ఆ పని చేసినది. పెన్నా తీరంలోని ఒక పేద దంపతుల బ్రతుకును చెప్పి, రాయలసీమ కరువును తెలుగు వారందరి గుండెకూ చేర్చినది. 1952 ప్రాంతాల రాయలసీమలో గంజి కేంద్రాలు తెరచిన రోజులు ఆ కావ్యానికి దూరపువి కావు. లెక్కల ప్రకారం ఆ 1952 కూడా నందన సంవత్సరమే.

సాహిత్యం కరుణ పుట్టించడంతో ఆగదు. సాక్ష్యం కూడా చెబుతుంది. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చేసినది 1830-31లో, అంటే నందన కరువుకు సరిగా ముందు. మనం దానిని తొలి యాత్రా చరిత్రగా, వచన రచనగా పాఠం చెబుతున్నాము. ఏ మజిలీలో ఏ సరుకు దొరికినది, బాట ఎట్లా ఉన్నది, ఊరి స్థితి ఏమి అని ఆయన వ్రాసుకున్న వివరాలను అర్థశాస్త్ర విద్యార్థి చేతికి ఇస్తే, కరువుకు ముందటి తెలుగు పల్లెల పట్టిక ఒకటి అతడు తయారు చేయగలడు. సామెతలు సైతం అట్టివే. కరువులో అధికమాసం అన్న సామెతను కష్టం మీద కష్టం అని అర్థం చెప్పి వదిలివేస్తాము. పన్నెండు నెలలకే చాలని గాదెతో పదమూడు నెలలు గడపవలసిన గృహిణి లెక్క అందులో ఉన్నది.

ఈ విధంగా చూచినప్పుడు కరువు గతించిన కథ కాదని కూడా తెలుస్తుంది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చినది. 2001లో సుప్రీంకోర్టు ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు వండిన భోజనం పెట్టవలసినదని ఆదేశించినది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమైనది. 2013లో ఆహార భద్రతా చట్టం వచ్చినది. కరువులో మొదట పోయేది పని అని 1880లో వ్రాసిన వాక్యానికి, బండ్లపల్లిలో కూలీల చేతికి వచ్చిన పలుగు పారలకు సంబంధం ఉన్నది. టెంపుల్, కార్నిష్‌ల వివాదానికి, నేడు పిల్లవాని కంచంలో పప్పు ఎంత, గుడ్డు ఎన్ని రోజులు అనే చర్చకు సంబంధం ఉన్నది. మధ్యాహ్నం బడిలో ఆ కంచం ముందు కూర్చునే విద్యార్థికి ఆ అన్నం ఎంత పొడవైన చరిత్ర దాటి తన వద్దకు వచ్చినదో తెలియకపోతే, అది ఎవరో దయతలచి పెట్టినదని అనుకుంటాడు. రేపు అది తగ్గిపోతే, అదీ తన అదృష్టమే అనుకుంటాడు. చదువు వలన అతనికి ఆ దీనత్వం పోవాలి.

దీనికి కొన్ని అభ్యంతరాలు రాగలవు. సిలబసు పూర్తి చేయడానికే వేళ చాలడం లేదు, ఈ కొత్త బరువు ఎక్కడిదని మొదటిది. ఇందులో కొత్త పాఠం ఏదీ లేదు. పర్యాయపదాలు, బ్రౌను, ఆనకట్టలు, కొనుగోలు శక్తి, కిలోకాలరీలు అన్నీ ఇప్పటికే ఏదో ఒక తరగతిలో చెబుతున్నవే. ఉపాధ్యాయుల గదిలో నలుగురు కూర్చుని, ఈ మాసం మనం ఒకే విషయాన్ని నాలుగు వైపుల నుంచి చెబుదామని అనుకుంటే చాలు. ఒక శాస్త్రంలోకి మరొకటి చొరబడితే దేనిలోనూ లోతు ఉండదని రెండవది. ఆ భయం సరియైనదే. తేదీ సరిచూడకుండా చరిత్ర చెప్పడం, గుణించకుండా పోషణ చెప్పడం, మూలం చదవకుండా కావ్యాన్ని పొగడడం ఏ పేరుతో చేసినా పనికిరావు. ఒక్కొక్క పని దాని నియమంతోనే జరగాలి. కలిపి చూడడం ఆ తరువాతి మెట్టు.

లేత మనస్సులకు చావుల కథలెందుకని మూడవ అభ్యంతరం. యుద్ధాలలో ఎందరు చనిపోయారో ఆ పిల్లలకు మనమే బట్టీ పట్టిస్తున్నాము. పానిపట్టు పేరు చెబితే మూడు తేదీలు అప్పగిస్తారు. ఒక్క జిల్లాలో లక్షన్నర మందిని మింగిన నందన సంవత్సరం పేరు వారికి తెలియదు. ఖడ్గంతో చనిపోయినవారికి పాఠం ఉండి, గంజి లేక చనిపోయినవారికి పాఠం లేకపోవడం లేత మనస్సుల మీద దయ అనిపించుకోదు.

ఉపాధ్యాయులకు మా మనవి ఇది. ఈ ఏడు వ్యాసానికి విషయం ఇచ్చేటప్పుడు ఒక్కటే ఇవ్వండి. నాలుగు వైపుల నుంచి చూడమనండి. కరువే కానవసరం లేదు. కోస్తా వారికి ఉప్పెన ఉన్నది, నల్లగొండ వారికి ఫ్లోరైడు నీరు ఉన్నది, ప్రతి ఊరికీ ఒక చెరువు ఉన్నది, ఒక వలస ఉన్నది. ఊరి పెద్దలు దానికి ఏ పేరు పెట్టారో కనుక్కోమనండి. అది ఏ సంవత్సరమో లెక్క కట్టమనండి. ఎవరి పని ముందు పోయినదో, ఎవరి దేహం ముందు చిక్కినదో విచారించమనండి. దానిని గురించి ఎవరైనా పాట కట్టారేమో వెదకమనండి. అప్పుడు అతడు వ్రాసే నాలుగు పుటలు ఏ గైడులోను దొరకవు, ఏ ఫోనులోను సిద్ధంగా ఉండవు. వాటిలో అక్షరదోషాలు ఉండవచ్చును. వాటిని ఎర్రసిరాతో దిద్దుకోవచ్చు.

విద్యార్థులకు కూడా ఒక మాట. మీ ముందుకు వచ్చిన ఏ కష్టానికైనా ఎవరో ఒక మెత్తని పేరు సిద్ధం చేసి ఉంచుతారు. దానిని కొరత అంటారు, జ్వరం అంటారు, దైవికం అంటారు. ఆ పేరు సరియైనదో కాదో తేల్చుకోవడానికి మీకు నిఘంటువు కావాలి, చరిత్ర కావాలి, లెక్క కావాలి, దేహధర్మం తెలియాలి. నాలుగు పుస్తకాలూ ఒకే బల్ల మీద తెరచి పెట్టుకోండి. గంట కొట్టినా మూయవద్దు.

ఈ విషయాన్ని ఉపాధ్యాయ లోకం ఆలోచించి, రానున్న వ్యాసరచనల కాలంలోనైనా ఆచరణలో పెట్టగలదని ఆశిస్తున్నాము.